కొలిచి కొనవలసిన కిటికీ పిడి

1980ల్లో బ్రిటన్‌లో టీవీ చూసినవాళ్లకు ఒక వాణిజ్య ప్రకటన ఇప్పటికీ గుర్తే. ఉత్తర ఇంగ్లండ్‌లో చెట్టూచేమా లేని బీడు కొండల మీద, సముద్రమట్టానికి 528 మీటర్ల ఎత్తున, టాన్ హిల్ ఇన్ అనే పబ్బు ఉంది. ఆ దేశంలో అంతకన్నా ఎత్తున మరో పబ్బు లేదు. ఎవరెస్ట్ కంపెనీ బిగించిన రెండద్దాల కిటికీ పక్కన టెడ్ మౌల్ట్ నిలబడ్డాడు. స్వతహాగా రైతు, రేడియో టీవీల ద్వారా దేశానికంతా తెలిసిన మనిషి. చేతిలోని పక్షి ఈకను కిటికీ అంచున వదిలాడు. బయట ఎంత గాలి ఉన్నా లోపల ఈక చెదరకుండా తిన్నగా కిందికి దిగింది.

చూసినవాళ్లు మెచ్చుకున్నది అద్దాన్ని. కానీ ఆ ఈకను కదలనివ్వని గొప్పతనం అద్దానిది ఒక్కదానిదే కాదు. రెండు అద్దాల మధ్య గాలినో ఆర్గాన్ వాయువునో బంధించిన పలక వేడిని ఆపుతుంది. ఒంటి అద్దంతో పోలిస్తే పాతకాలపు రెండద్దాల కిటికీ కూడా సుమారు సగం వేడినే బయటికి పోనిస్తుంది. చలిగాలిని ఆపే పని మాత్రం రెక్క అంచు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీది. ప్రెషర్ కుక్కర్ మూత ఎంత మంచిదైనా గాస్కెట్ బిగుసుకోకపోతే ఆవిరి నిలవనట్టే, ఆ పట్టీ చట్రానికి అదుముకోకపోతే ఎంత ఖరీదైన అద్దమైనా గదిని వెచ్చగా ఉంచలేదు. పట్టీని అదిమి ఉంచేది రెక్క అంచులో దాగిన తాళపు కడ్డీ. ఆ కడ్డీని నడిపేది అరచేతిలో ఇమిడే పిడి.

అందుకే పిడి విరిగినప్పుడు దాన్ని అలంకార వస్తువుగా చూసి, ఫొటోలో అలాంటిదే కనిపించగానే కొనేస్తే చాలాసార్లు డబ్బు వృథా అవుతుంది. పైకి కవలల్లా ఉన్న రెండు పిడులు వెనకవైపు పూర్తిగా వేరువేరుగా ఉండవచ్చు. ఎంపికలో అసలు విషయమంతా ఆ వెనకవైపే ఉంటుంది.

బ్రిటన్‌లో ఈ సమస్య ఇంటింటిదీ. 1970లు, 80ల్లో అక్కడ రెండద్దాల కిటికీల వ్యాపారం ఉప్పెనలా సాగింది. ఆనాటి కిటికీలు, వాటి తర్వాత వచ్చిన తెల్లని యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు లక్షల ఇళ్లలో ఇంకా ఉన్నాయి. చట్రం గట్టిగానే ఉంటుంది, అద్దమూ బాగానే ఉంటుంది. రోజూ చేతులు పడే పిడి మాత్రం ముందుగా ఓడిపోతుంది. పోనీ బిగించిన కంపెనీనే అడుగుదామంటే అది ఉండకపోవచ్చు. పెద్ద పేరున్న సేఫ్‌స్టైల్ 2023 అక్టోబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఎవరెస్ట్ 2020లో ఒకసారి, 2024లో మరోసారి అదే దారి పట్టింది. కిటికీ మీద ఉన్న పేరు పట్టుకుని వెతికితే దారి మూసుకుపోతుంది. కొలత పట్టుకుని వెతికితే తెరుచుకుంటుంది.

ఎందుకంటే కంపెనీలు ఎన్ని మారినా రెండు కొలతలు యూరప్ అంతటా దాదాపు స్థిరపడ్డాయి. ఇప్పుడు ఎక్కువగా కనిపించే పిడిని బిగించే రెండు స్క్రూల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, 43 మి.మీ. పిడి వెనకనుంచి పొడుచుకువచ్చే చదరపు కడ్డీ మందం 7 మి.మీ. ఈ రెండూ సరిపోతే ఒక కంపెనీ కిటికీకి ఇంకో కంపెనీ పిడి నిశ్చింతగా కూర్చుంటుంది. ఇక మిగిలేది ఆ కడ్డీ పొడవు. పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి.

అయితే ముందుగా తేల్చుకోవలసింది పిడి ఏ రకమన్నది. బ్రిటన్ దుకాణాల్లో ప్రధానంగా వినిపించే పేర్లు రెండు: ఎస్పాగ్, కాక్‌స్పర్. రెక్కను తెరిచి దాని అంచు చూస్తే తేడా తెలిసిపోతుంది. అంచు పొడవునా లోహపు పట్టీ ఉండి, పిడి తిప్పినప్పుడు దాని మీది పుట్టగొడుగు ఆకారపు బొడిపెలు పైకీ కిందికీ జరుగుతుంటే అది ఎస్పాగ్ రకం. పిడి వెనకనున్న 7 మి.మీ. కడ్డీని స్పిండిల్ అంటారు. అది రెక్క లోపలి చిన్న గేర్‌బాక్సులో దూరి ఉంటుంది. పిడిని పావు చుట్టు తిప్పితే ఆ తిరుగుడు నిలువు కదలికగా మారి, బొడిపెలు చట్రంలోని గాళ్లలోకి జారి, రెక్కను లోపలికి లాగి రబ్బరుకు అదుముతాయి. ఒక్క పిడితో రెండు మూడు చోట్ల తాళం పడుతుంది.

కాక్‌స్పర్ ఇంతకంటే పాతది. 1980ల కిటికీల మీద, ముఖ్యంగా పాత అల్యూమినియం కిటికీల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. దీనికి వెనక స్పిండిల్ ఉండదు, రెక్కలో గేరూ ఉండదు. పిడికే ఒక ముక్కు ఉంటుంది. తిప్పినప్పుడు ఆ ముక్కు చట్రం మీది చిన్న దిమ్మను పట్టుకుని రెక్కను బిగిస్తుంది. మన పాత ఇళ్ల చెక్క కిటికీలకు ఉండే తిప్పుడు గడియకు ఇది దగ్గరి చుట్టం. దీన్ని మార్చేటప్పుడు కొలవవలసింది ముక్కు ఎత్తు: పిడి అడుగు పలక నుంచి ముక్కు కింది అంచు దాకా. యూపీవీసీ కిటికీల్లో 21 మి.మీ. తరచుగా కనిపిస్తుంది, సన్నని చట్రాలకు 9 మి.మీ. రకం ఉంది, మధ్య కొలతలూ ఉన్నాయి. ముక్కు ఎత్తు ఎక్కువైతే దిమ్మకు తగలకుండా పైనుంచి పోతుంది, పట్టు దొరకదు. తక్కువైతే దిమ్మను ఢీకొని ఆగిపోతుంది.

కాక్‌స్పర్ విషయంలో చాలామంది చూడనిది ఆ దిమ్మనే. ఏళ్ల తరబడి ముక్కు రాసుకుని రాసుకుని అది అరిగిపోతుంది. కిటికీ గాలికి టపటప కొట్టుకుంటుంటే పిడి వదులైందని అనుకుంటారు గానీ, కొత్త పిడి పెట్టినా చప్పుడు పోదు. దిమ్మ విడిగా దొరుకుతుంది, ఖరీదు స్వల్పం. రెండూ కలిపి మార్చడమే మంచిది. ఇక ఒక కొసనే పట్టుకునే ఈ పద్ధతి, రెండు మూడు చోట్ల బిగిసే ఎస్పాగ్ అంత భద్రమైంది కాదు. వీధి వైపు కింది అంతస్తు కిటికీలకు ఇదే ఉంటే తాళంచెవి ఉన్న రకాన్ని తీసుకోవడం తెలివైన పని.

మూడో రకం అరుదు: చదరపు కడ్డీ బదులు వెనక చప్పటి నాలుకలాంటి పలక ఉన్న పిడి. దీన్ని బ్లేడ్ లేదా స్పేడ్ హ్యాండిల్ అంటారు. దీనికి బదులు స్పిండిల్ పిడి పనికిరాదు. అదే ఆకారం వెతుక్కోవాలి.

ఇప్పుడు స్పిండిల్ పొడవు సంగతి. దుకాణాల్లో ఇది 10 మి.మీ. నుంచి 55 మి.మీ. దాకా, ఎక్కువగా అయిదేసి మి.మీ. తేడాతో దొరుకుతుంది. కొలవాలంటే పాత పిడిని ఊడదీయక తప్పదు. పిడిని అడ్డంగా తిప్పితే అడుగు పలక మీద చిన్న ప్లాస్టిక్ మూతలు కనిపిస్తాయి. సన్నని స్క్రూడ్రైవరు మొనతో వాటిని మెల్లగా లేపితే స్క్రూలు బయటపడతాయి. రెండూ విప్పి పిడిని తిన్నగా బయటికి లాగాలి. తర్వాత స్కేలును అడుగు పలక చదునైన వెనకభాగానికి ఆనించి, అక్కడ నుంచి కడ్డీ కొస దాకా కొలవాలి. కొన్ని పిడుల వెనక, కడ్డీ మొదట్లో గుండ్రటి గట్టు ఉంటుంది. ఆ గట్టు పైనుంచి కొలిస్తే అయిదారు మి.మీ. తేడా వచ్చి తప్పు సరుకు ఇంటికొస్తుంది. మధ్యలో విరిగిన కడ్డీని కొలిచి మోసపోవడమూ జరుగుతుంది. విరిగిన ముక్క గేరులోనే ఉండిపోయిందేమో చూసి, రెండు ముక్కల పొడవూ కలుపుకోవాలి, లేదా అదే ఇంట్లో అలాంటి మరో కిటికీ పిడి తీసి కొలవాలి.

మేడ మీద కిటికీ అయితే ఈ పనికి గాలిలేని రోజు చూసుకోవాలి. బ్రిటన్ కిటికీలు బయటికి తెరుచుకుంటాయి. స్క్రూల కోసం పిడి అడ్డంగా తిప్పిన క్షణం నుంచి తాళం తీసి ఉన్నట్టే. పిల్లలను ఆ గదిలోకి రానివ్వకుండా, రెక్కను పట్టుకోవడానికి ఒకరిని తోడు పెట్టుకుని చేయాలి.

కడ్డీ పొట్టిదైతే ఏమవుతుంది? గేరులోకి కొసమాత్రమే దిగుతుంది. మొదట్లో బాగానే తిరుగుతుంది, తర్వాత కొస అంచులు గుండ్రమై జారడం మొదలవుతుంది, గేరు గాడినీ పాడుచేస్తుంది. పొడవైతే అడుగు పలక రెక్కకు ఆనదు, సందు మిగులుతుంది. ఆ సందు మూయాలని స్క్రూలు బలవంతంగా బిగిస్తే కడ్డీ గేరు అవతలి గోడకు గుచ్చుకుని పిడి బిర్రబిగుస్తుంది. పొడవైన కడ్డీని హాక్సా రంపంతో కోసి, అంచు ఆకురాయితో నునుపు చేసి సరిపెట్టుకోవచ్చు. పొట్టిదాన్ని సాగదీయలేం. కాబట్టి కచ్చితమైన పొడవు దొరకనప్పుడు కాస్త పెద్దదే తీసుకోవాలి. వేర్వేరు పొడవుల కడ్డీలు కలిపి ఇచ్చే పిడులు కూడా దొరుకుతున్నాయి. ఇంట్లో రకరకాల కిటికీలున్నవారికి అవి ఎంతో ఉపయోగం. స్క్రూల పొడవుకూ ఇదే జాగ్రత్త: పాతవాటికన్నా పొడవైనవి లోపల గేరుకు అడ్డం పడవచ్చు.

ఇంకో మెలిక కుడి, ఎడమలది. పిడి తిన్నగా ఉంటే ఏ పక్కకైనా సరిపోతుంది. అలా కాకుండా కొన్ని పిడులు ఒక పక్కకు వంగి ఉంటాయి. చేతి వేళ్లు గోడ అంచుకో, కిటికీ బ్లైండుకో కొట్టుకోకుండా ఇచ్చిన వంపు అది. వీటిలో కుడివి, ఎడమవి వేరు. చిక్కేమిటంటే కుడి ఏదో ఎడమ ఏదో అందరు అమ్మకందారులూ ఒకేలా చెప్పరు. ఒకరు పిడి కొస తిరిగిన వైపును బట్టి చెబితే, ఇంకొకరు కీలు ఉన్న వైపును బట్టి చెబుతారు. లోపలి నుంచి చూసినట్టు తీసిన ఫొటోతో తన కిటికీని పోల్చుకున్నాకే ఆర్డరు పెట్టడం క్షేమం.

ఇక్కడిదాకా పిడే దోషి అనుకుని మాట్లాడుకున్నాం. నిజానికి చాలా ఇళ్లలో పిడి విరగడం వేరే జబ్బుకు లక్షణం మాత్రమే. కిటికీ బాగు చేయబోయే ఎవరైనా ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. రెక్కను పూర్తిగా తెరిచి ఉంచి, గాలిలోనే పిడిని తిప్పి చూడాలి. తెరిచినప్పుడు తేలిగ్గా తిరిగి, మూసినప్పుడు మాత్రం బిగుసుకుంటే లోపం పిడిది కాదు, గేరుదీ కాదు. రెక్క కొద్దిగా కిందికి వాలింది, బొడిపెలు గాళ్లకు ఎదురుగా పడటం లేదు. బ్రిటన్ కిటికీల కీళ్లు రాపిడితో రెక్కను నిలబెట్టే పొడవాటి స్టీలు చేతులు. ఏళ్లకు అవి వదులవుతాయి. అలాంటి కిటికీకి ఎన్ని పిడులు మార్చినా ప్రతిసారీ బలంగా తిప్పడమే, మళ్లీ విరగడమే. కీళ్లు మార్చాలి, లేదా బొడిపెలను సరిచేయాలి. చాలా బొడిపెలకు మధ్యలో అలెన్ కీ పట్టే గుంట ఉంటుంది. దాన్ని కాస్త తిప్పితే అదుము పెరుగుతుంది లేదా తగ్గుతుంది.

తెరిచి ఉంచినా బిర్రుగానే తిరిగితే గేరు ఎండిపోయిందన్నమాట. అంచు పట్టీ సందుల్లో సన్నని యంత్రాల నూనెనో సిలికాన్ స్ప్రేనో వేసి నాలుగైదు సార్లు తిప్పి చూడాలి. రబ్బరు పట్టీ మీద పెట్రోలియం నూనె పడనివ్వకూడదు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పిడి ఎటు తిప్పినా చుట్టూ తిరుగుతూ బొడిపెలు మాత్రం కదలకపోతే, పిడి తీసేసి ఆ గాడిలో పక్క కిటికీ పిడి పెట్టి తిప్పాలి. దానితో బొడిపెలు కదిలితే పాత పిడి పోయిందని అర్థం. కదలకపోతే గేర్‌బాక్సు పళ్లు విరిగాయి. అప్పుడు మార్చవలసింది గేర్‌బాక్సు ఉన్న పట్టీని. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇది తెలియక మొత్తం కిటికీ మార్చుకోమన్న మాట విని వందల పౌండ్లు పోసేవాళ్లున్నారు. మామూలు ఎస్పాగ్ పిడి బ్రిటన్‌లో పది పౌండ్లకు అటూఇటూగా దొరుకుతుంది. చట్రం, అద్దం బాగున్న కిటికీని పిడి కోసమో గేరు కోసమో పీకి పారేయడం ఏ విధంగానూ సమర్థించలేని పని. అద్దాల మధ్య ఆవిరి పట్టినా మార్చవలసింది అద్దపు పలకనే గాని, చట్రాన్ని కాదు.

తాళం సంగతి తీరిగ్గా ఆలోచించవలసింది. కొన్ని పిడులకు మీట నొక్కితే తాళం పడుతుంది, తీయడానికి చెవి కావాలి. బ్రిటన్‌లో ఇంటి బీమా కంపెనీలు చాలావరకు కింది అంతస్తు కిటికీలకు, బయటినుంచి సులువుగా అందే కిటికీలకు చెవితో వేసే తాళం ఉండాలని అడుగుతాయి. పాత పిడికి తాళం ఉండి, కొత్తగా తాళం లేనిది పెడితే, దొంగతనం జరిగిన రోజున ఆ తేడా పరిహారానికి అడ్డు రావచ్చు. అందుకే కొనేముందు బీమా పత్రం ఒకసారి తిరగేయాలి.

అదే పడకగదికి వస్తే లెక్క మారుతుంది. రాత్రి నిప్పంటుకుని మెట్ల దారి పొగతో మూసుకుపోతే బయటపడే దారి కిటికీయే. ఇంగ్లండ్ భవన నిబంధనల మార్గదర్శకం, అప్రూవ్డ్ డాక్యుమెంట్ బి, ఇలాంటి కిటికీకి కొలతలు చెప్పింది: తెరిచినప్పుడు కనీసం 0.33 చదరపు మీటర్ల ఖాళీ, ఎత్తు వెడల్పులు ఏదీ 450 మి.మీ.కు తగ్గకుండా, ఖాళీ అడుగు అంచు నేల నుంచి 1100 మి.మీ.కు మించకుండా ఉండాలి. ఇంత జాగ్రత్తగా అమర్చిన కిటికీకి తాళం వేసి, చెవి వంటింటి సొరుగులో పడేస్తే ఆ కొలతలకు అర్థం లేదు. చీకట్లో, పొగలో, నిద్రమత్తులో ఉన్న మనిషి చేతికి అది దొరకదు. తప్పించుకునే కిటికీకి తాళం లేని పిడిని ఎంచుకోవాలి, లేదా చెవి ఇంట్లో అందరికీ తెలిసిన చోట, కిటికీకి దగ్గరలో, పసిపిల్లలకు మాత్రం అందకుండా వేలాడదీయాలి. చిన్నపిల్లలు కిటికీ ఎక్కుతారన్న భయానికి తాళం కంటే మంచి మందు ఉంది. రెక్క 100 మి.మీ. కన్నా ఎక్కువ తెరుచుకోకుండా ఆపే రిస్ట్రిక్టరు విడిగా అమర్చుకోవచ్చు. పెద్దవాళ్లు దాన్ని వెంటనే విడదీయగల రకం తీసుకోవాలి.

ఇంట్లో వృద్ధులున్నవారు ఇంకొకటి గమనించాలి. కీళ్లవాతంతో వేళ్లు ముడుచుకోని చేతికి, బొటనవేలితో మీట నొక్కుతూ తిప్పవలసిన పిడి శిక్షే. పొడవైన, నిండుగా చేతికి అందే పిడి తక్కువ బలంతో తిరుగుతుంది. అందులోనూ సింకుకు అవతల ఉండే వంటింటి కిటికీ పిడిని ముందుకు వంగి అందుకోవాలి. పోపు ఘాటుకు రోజూ తెరిచి మూసే తెలుగువారి వంటింట్లో ఈ ఒక్క పిడి మిగతా గదుల పిడులన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఒక్కదానికే ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే దానికే పెట్టాలి.

లోహం విషయంలో రంగు చూసి మోసపోవడం తేలిక. మార్కెట్లో చవకగా దొరికే పిడులు ఎక్కువగా జింకు మిశ్రమలోహాన్ని అచ్చులో పోసి చేసినవి. దానిలో సుమారు 4 శాతం అల్యూమినియం కలుస్తుంది. పైన తెల్ల పౌడరు పూతో, క్రోము పూతో, బంగారు రంగో ఉంటుంది. పొడి గదిలో ఇది ఏళ్లతరబడి నిలుస్తుంది. కానీ క్రోము పూతలో సన్నని చిల్లు పడినా, ఉప్పుగాలి లోపలికి చేరి పైపూత పొక్కులుగా లేస్తుంది. బ్రైటన్, బ్లాక్‌పూల్ లాంటి సముద్రతీర పట్టణాల్లో ఇది మామూలు దృశ్యం. మన విశాఖ బీచ్ రోడ్డు ఇళ్ల కిటికీలకూ ఇదే కష్టం. తుప్పును తట్టుకునే శక్తిని యూరప్ ప్రమాణం ఈఎన్ 1670 ఉప్పునీటి పిచికారీ పరీక్షతో కొలుస్తుంది. నాలుగో గ్రేడు అంటే 240 గంటలు, అయిదో గ్రేడు అంటే 480 గంటలు ఆ పిచికారీలో నిలిచిందని అర్థం. సముద్రానికి దగ్గరున్నవాళ్లు పెట్టె మీద ఈ గ్రేడు రాసి ఉందో లేదో చూడాలి. అంతకన్నా గట్టిది 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. మామూలు 304 రకంలో లేని మాలిబ్డినం ఇందులో రెండు మూడు శాతం ఉంటుంది, ఉప్పును తట్టుకునే బలం దానివల్లే. పిడి ఏదైనా బ్లీచుతో, గరుకు పీచుతో తోమకూడదు. సబ్బునీళ్లలో ముంచిన మెత్తని గుడ్డ చాలు.

పాత ఇళ్ల అందం పోకూడదనుకునేవారికి కొస చుట్టచుట్టుకున్న మంకీ టెయిల్, బిందువు ఆకారపు పేర్ డ్రాప్ పిడులు ఎస్పాగ్ కొలతల్లోనే దొరుకుతున్నాయి. గదిలో ఒక్క పిడే మార్చితే పాత తెలుపు పక్కన కొత్త తెలుపు తేడాగా కొడుతుంది. చూపుకు ప్రాధాన్యమిస్తే ఆ గదిలోవన్నీ ఒకేసారి మార్చాలి.

జర్మనీకి చదువులకు వెళ్లే తెలుగు విద్యార్థులకు ఎదురయ్యే కిటికీ వేరు. అది లోపలికి తెరుచుకుంటుంది, పైభాగం మాత్రమే లోపలికి వాలేలా కూడా నిలుస్తుంది. ఈ యంత్రాంగాన్ని కర్మాగార స్థాయిలో తయారుచేసిన తొలివారిలో 1935లో విల్‌హెల్మ్ ఫ్రాంక్ మొదలుపెట్టిన రోటో కంపెనీ ముఖ్యమైనది. పిడి కిందికి ఉంటే మూసినట్టు, అడ్డంగా ఉంటే తలుపులా తెరిచేందుకు, పైకి ఉంటే వాల్చేందుకు. రెక్క తెరిచి ఉండగానే పిడి పైకి తిప్పితే పై మూల విడిపోయి రెక్క ఒక మూల మీద వేలాడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు హడలిపోతారు. కంగారు అక్కర్లేదు. రెక్కను రెండు చేతులతో చట్రానికి ఆనించి, పై మూలను గట్టిగా నొక్కిపట్టి, పిడిని మళ్లీ అడ్డం స్థానానికి తెస్తే చాలావరకు తిరిగి కూర్చుంటుంది. ఈ కిటికీల పిడులకూ 43, 7 కొలతలే. అయితే ఇవి పావు చుట్టుకూ అర చుట్టుకూ కూడా ఆగాలి. బ్రిటన్ ఎస్పాగ్ పిడి కొన్నిసార్లు పావు చుట్టుతోనే ఆగిపోతుంది కాబట్టి దాన్ని ఇక్కడ పెడితే కిటికీ వాలదు. దొంగతనాన్ని అడ్డుకునే కిటికీలకు అక్కడ తాళమున్న పిడి 100 న్యూటన్ మీటర్ల మెలితిప్పును తట్టుకోవాలంటారు. హోప్పె కంపెనీ చేసే కొన్ని పిడులు తాళంచెవి లేకుండానే, బయటినుంచి కడ్డీని తిప్పబోతే అడ్డుకునే ఏర్పాటుతో వస్తాయి.

హైదరాబాద్‌లోనూ రెండద్దాల యూపీవీసీ కిటికీలు ఇప్పుడు కొత్త కాదు. రోడ్డు రొద తగ్గాలని, ఏసీ చల్లదనం నిలవాలని పెట్టించుకుంటున్నారు. పాత చెక్క కిటికీకి టవర్ బోల్టు విరిగితే వీధి చివర హార్డ్‌వేర్ దుకాణంలో ఇంకొకటి దొరికేది. ఈ కిటికీలకు ఆ సౌకర్యం అంత తేలిగ్గా లేదు. బయటికి తెరుచుకునే రెక్కలకు యూరప్ పద్ధతి హార్డ్‌వేర్ వాడి ఉంటే పైన చెప్పిన కొలతలే పనికొస్తాయి. జారుడు కిటికీల సంగతి వేరు. వాటి పిడి వెనక ఉండే పిన్ను స్థానం, స్క్రూల దూరం కంపెనీకో తీరు. పాత పిడిని ఊడదీసి దుకాణానికి పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడటమే దానికి దారి.

అద్దె ఇంట్లో ఉండేవారు చేతిలో స్క్రూడ్రైవరు తీసుకునే ముందు ఇంటి యజమానికి రాతపూర్వకంగా చెప్పాలి. ఇంగ్లండ్‌లో 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం, 11వ సెక్షన్ కింద, ఏడేళ్లలోపు అద్దె ఒప్పందాల్లో ఇంటి కట్టడాన్నీ బయటి భాగాలనూ మరమ్మతులో ఉంచే బాధ్యత యజమానిది. కిటికీలు సాధారణంగా అందులోకే వస్తాయి. మూతపడని కిటికీ ఫొటో, తేదీ జతచేసి ఈమెయిలు పెడితే తర్వాత వాదనకు తావుండదు.

బిగించే రోజున పని కొద్దిసేపే. పాత పిడి ఏ దిశలో ఉండగా తీశారో కొత్తదాన్నీ అదే దిశలో పెట్టి కడ్డీని గాడిలోకి నెట్టాలి. అడుగు పలక రెక్కకు చదునుగా ఆనిందని చూశాకే స్క్రూలు చేతి స్క్రూడ్రైవరుతో, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. పవర్ డ్రిల్లుతో బిగిస్తే స్క్రూ మర పోతుంది. ప్లాస్టిక్ మూతలు నొక్కేముందు రెక్క తెరిచి మూసి, తాళం వేసి తీసి నాలుగైదు సార్లు చూసుకోవాలి. పిడితో వచ్చిన రెండు చెవుల్లో ఒకదాన్ని ఇంట్లో తెలిసిన చోట ఉంచి, రెండోదాన్ని స్పిండిల్ పొడవు రాసిన చీటీతో కలిపి ఇంటి కాగితాల ఫైలులో పెట్టుకుంటే, మళ్లీ ఎప్పుడైనా పక్క కిటికీ పిడి మార్చవలసి వచ్చినప్పుడు దేన్నీ ఊడదీయకుండానే ఆర్డరు పెట్టవచ్చు.